యూమె గారి స్టీలు డబ్బా

ఫిబ్రవరి 6, 2168. సిబారా.

నేటి పనులు: బట్టలు ఉతకడం, రెండు జతలు. గది ఊడ్వడం, ఒకసారి. వంట, ఒక పూట, ఒక్కరికి. మొత్తం మూడు.

కాకినాడ గట్టు మీద మా ఇంట్లో మామూలు రోజు లెక్క పంతొమ్మిది. మిగిలిన పదహారు గళ్ళలో ఏం రాయాలో తెలియక కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. చివరికి ఇలా రాశాను: కాఫీ తాగాను, వేడిగా, అడుగు దాకా, మధ్యలో ఎవరూ పిలవకుండా.

సిబారాను ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడానికి ఒక పూట చాలు. దేశమంతా ఒక తెప్ప. అడుగు వేస్తే నేల కొంచెం దిగి మళ్ళీ లేస్తుంది. మొదటి రోజు మంచం మీద నిలబడి నడుస్తున్నట్టుంది. మా అమ్మ చూస్తే దిగమని కేకలేసేది. రెండో రోజు నుంచి ఎవరూ చూడని చోట చిన్నగా ఎగురుతున్నాను. ఈ విషయం ఇంట్లో చెప్పలేదు.

గట్టు సంఘంవాళ్ళు ఏటా చీటీ తీసి, యాభై దాటినవారిలో ఒకరికి ఒంటరి యాత్ర పత్రం ఇస్తారు. తొమ్మిదేళ్ళు పేరు వేశాను. జనవరిలో చీటీ విప్పి "నూకరత్నం, పంపు ఆపరేటరు సత్తిబాబు గారి భార్య" అని చదివితే, పక్కనున్నావిడ నన్ను గిల్లి మరీ చెప్పింది. నాలుగు తెప్పదేశాలు ఒక్కదాన్నే దాటి మళ్ళీ గట్టు చేరాలి. ఈ పత్రం మనిషికి ఒకేసారి. మధ్యలో రద్దయితే మళ్ళీ రాదు.

నేను దిగిన ఇంటావిడ పేరు యూమె. డెబ్బై ఏళ్ళుంటాయి. నాచు పీచుతో మోకులు పేనుతుంది. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకు రాదు, ఇద్దరి చెవుల్లోనూ మాట మార్చి వినిపించే పూసలున్నాయి. బయలుదేరే ముందు చెవిపూస కొట్టువాడు "ఎవరి మాటతీరులో వినిపించమంటారు" అని అడిగితే, మా వీధివాళ్ళలాగే ఉండనివ్వమన్నాను. అందుకని ఇప్పుడు సముద్రం మీద మనుషులందరూ నాతో గోదావరి జిల్లా మాటే మాట్లాడుతున్నారు.

"ఏవమ్మా, రాత్రి పడుకున్న ఉయ్యాల్లోంచి పడ్డావంట కదా" అంది యూమె పొద్దున్నే.

"మీకెవరు చెప్పారండీ?"

"పక్క వరసోళ్ళు. చప్పుడుకి తెప్ప ఊగిందంటన్నారు."

ఇద్దరం నవ్వుతుంటే మా ఆయన ఫోను. అది కూడా ఈ పూసలోకే వస్తుంది.

"రత్నం, ఆవాలెక్కడున్నాయే?"

"ఆవాలని రాసున్న డబ్బాలో చూడండి."

కాసేపు మూతల చప్పుడు. "ఓహో" అని పెట్టేశారు.


ఫిబ్రవరి 9. సిబారా అంచు.

నేటి పనులు: సంచి సర్దడం, నాలుగుసార్లు. చీర ఆరబెట్టడం, ఒకసారి, కానీ దాని గురించి వివరంగా రాయాలి.

ఇక్కడ దేశం నుంచి దేశానికి వెళ్ళడానికి వేరే బండి అక్కర్లేదు. దేశాలే కదులుతాయి. ప్రవాహంలో రెండు తెప్పలు పక్కపక్కకు వచ్చి అంచులు ఒరుసుకున్న రోజున మధ్యలో పలక వేస్తారు. దాటాలి. దాన్ని ఒరిపిడి రోజంటారు. ఈరోజు సిబారాకూ ఒర్లాంకూ ఒరిపిడి.

పలక దగ్గర గేటు, గేటులో తక్కెడ. వచ్చేటప్పుడు నా సంచి తొమ్మిది కేజీల రెండువందలు. పోయేటప్పుడు అంతే ఉండాలి. తగ్గితే చెత్త వదిలినట్టు, పెరిగితే దేశాన్ని పట్టుకుపోయినట్టు.

"మూడువందల గ్రాములు ఎక్కువుందండి" అన్నాడు గేటు అధికారి.

"చీర తడండి. పొద్దున్నే ఉతికాను."

"ఆ నీళ్ళు కూడా మావేనండి మరి."

నిజమే అనిపించింది. పక్కకు వచ్చి సంచిలోని తడి చీర మడతలు విప్పి గాలికి పట్టుకున్నాను. రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక అది నన్ను పతంగిలా లాగుతుంటే, ఒర్లాం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, టోపీ తీసి చంకలో పెట్టుకుని, మాట్లాడకుండా ఆ కొస పట్టుకున్నాడు. ఇద్దరం రెండు దేశాల మధ్య చీర పట్టుకుని నిలబడ్డాం. పెళ్ళిలో అడ్డుతెర పట్టినవాళ్ళలా ఉన్నామనిపించి నవ్వాపుకోలేకపోయాను. ఆయనకు ఎందుకో తెలియదు, అయినా నవ్వాడు.

చీర ఆరింది. సంచి సరిపోయింది. అప్పుడు యూమె పరుగెత్తుకుంటూ వచ్చి ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది. నిండా నాచు పచ్చడి. "దారిలో తిను" అని, మోకుల పని ఆగిపోతుందని అదే పరుగున వెనక్కు పోయింది.

అధికారి పచ్చడి నా గిన్నెలోకి తీయించి, డబ్బా ఒక్కటీ తూచాడు. ఆరువందల నలభై గ్రాములు.

"తినేది తినేస్తారు, దానికి రాయను. డబ్బా కానుకా, బదులా?"

"బదులేనండి" అన్నాను. ఆలోచించాల్సిన ప్రశ్న కాదు కదా. పక్కింటివాళ్ళ గిన్నె మనమెందుకు ఉంచుకుంటాం.

అతను కలం ఆపి నా వంక చూశాడు. "బదులా?" అన్నాడు మళ్ళీ.

"బదులే."

"రాస్తున్నానండి అయితే" అని రాసుకున్నాడు. పచ్చడి మళ్ళీ డబ్బాలో పెట్టుకుని, పలక మీద ఐదడుగులు వేసి వేరే దేశంలో దిగాను. వెనక ఎవరూ లేరు, ముందు ఎవరూ లేరు. చెయ్యి పట్టుకోమని ఎవరూ అనలేదు. అవతల దిగాక మళ్ళీ ఒకసారి పలక ఎక్కి దిగాలనిపించింది. గేటు వాళ్ళు ఏమనుకుంటారోనని ఊరుకున్నాను.


ఫిబ్రవరి 12. ఒర్లాం.

నేటి పనులు: గాజులకు గుడ్డ చుట్టడం. మధ్యాహ్నం దాకా మాట్లాడకుండా ఉండటం. దీన్ని పని కింద రాయవచ్చా అని ఆలోచించాను. కష్టాన్ని బట్టి రాశాను.

ఒర్లాంలో పొద్దున్నుంచి మిట్టమధ్యాహ్నం గంట కొట్టేదాకా ఎవరూ నోరు విప్పరు. వీధికి ఒకరు నేలకు చెవి ఆనించి పడుకుని, కింద తెప్పలో ఎక్కడైనా పగులు చప్పుడు వస్తుందేమో వింటారు. మిగతావాళ్ళు మునివేళ్ళ మీద నడుస్తారు. చీర కొస పట్టుకున్న పెద్దాయన ఉన్నాడే, ఆయన పేరు ఇష్కో, నాకు గది ఇచ్చింది ఆయనే. మాట్లాడకుండా ఎందుకు పట్టుకున్నాడో ఇప్పుడు తెలిసింది. అప్పటికింకా మధ్యాహ్నం గంట కొట్టలేదు.

ఇవాళ పొద్దున నా చేతిలోంచి చెంచా జారింది. వీధిలోని తలలన్నీ తిరిగాయి. ఒక లావుపాటి ఆయన ఒంటికాలి మీద ఆగిపోయి నన్ను చూస్తున్నాడు. నాకు నవ్వు మొదలైంది. దిండులో ముఖం పెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాను. యాభై రెండేళ్ళ వయసులో ఇలాంటి నవ్వు మళ్ళీ వస్తుందనుకోలేదు. చిన్నప్పుడు బళ్ళో ప్రార్థన దగ్గర వచ్చేది.

గంట కొట్టగానే దేశం మొత్తం ఒక్కసారి మాట్లాడింది. ఇష్కో గారి మొదటి మాట: "పొద్దున ఎందుకు నవ్వేరండి? అప్పట్నుంచి అడుగుదామని చచ్చిపోతన్నాను."

పచ్చడి అయిపోయింది. డబ్బా తోమి బోర్లిస్తే అడుగున నాలుగు గీతలు చెక్కి ఉన్నాయి. ఇష్కో గారికి చూపించాను.

"ఇది పేరండి. సానవ్. పాతకాలం ఆడమనిషి పేరు" అన్నాడు.

మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా పేరుంటుంది. మా అమ్మ పేరున్నవి, మా అత్తగారి పేరున్నవి, మా పెళ్ళికి వచ్చినవి. పేరున్న గిన్నె ఎంత దూరం పోయినా దాని ఇల్లు దానికుంటుంది. వెంటనే గేటు ఆఫీసుకు వెళ్ళాను.

"ఇక్కడ పెట్టేయండి. రేపే సరుకు పడవలో సిబారాకి పంపేస్తాం. మీ పేరు మీద బాకీ పోద్ది" అన్నాడు అక్కడి అధికారి.

"ఖాళీ గిన్నె ఎలా పంపిస్తానండీ?"

"గిన్నె ఖాళీగానే కదండీ తూచింది."

"తూచింది మీరు. నా చేతికి ఇచ్చినప్పుడు నిండుగా ఉంది."

"పోనీ ఏదన్నా వేసి పంపండి. అయితే ఆ వేసినదాని బరువు ఆవిడ పేరు మీద పడుద్ది. ఏడాదిలోపు ఆవిడ తీర్చుకోవాలి మరి."

"పచ్చడి తినేసి, ఆవిడకి అప్పు పంపించమంటారా?"

"అదీ వద్దంటే కానుకని రాసివ్వండి. ఇక్కడో సంతకం. అయిపోద్ది. అందరూ అలాగే రాస్తారండి. నేనొచ్చాక బదులని రాసినోళ్ళని మిమ్మల్నే చూశాను."

"పేరు చెక్కిన గిన్నెండీ. ఎలా ఉంచుకుంటాను?"

అతను కుర్చీలో వెనక్కు వాలాడు. "మీ ఊళ్ళో అందరూ ఇంతేనాండి?"

"మా వీధిలో ఇంతేనండి. ఊరి సంగతి తెలీదు."

అతను చెడ్డవాడు కాదు. టీ ఇచ్చి నిబంధన చదివి వినిపించాడు. బాకీతో రెండు గేట్లు దాటనిస్తారు. మూడో గేటు దగ్గర బాకీ ఉంటే ఇంటివాళ్ళు వచ్చి పూచీ సంతకం చేయాలి. సంతకం పడగానే ఒంటరి పత్రం రద్దయి కుటుంబ పత్రం అవుతుంది. అప్పుడు ఇంటివాళ్ళతోనే తిరిగి వెళ్ళాలి.

మొదటి గేటు దాటేశాను. ఇక రెండు.


ఫిబ్రవరి 16. తసీవ్.

నేటి పనులు: రెండో గేటు దాటడం. గాజుల గుడ్డ విప్పడం. పలక మీద నడుస్తూ గాజులు కావాలని గలగలలాడించాను. ఒర్లాం అంచున నిలబడిన ఇష్కో గారు చెవులు మూసుకున్నట్టు నటించారు.

గేటులో సంచి సరిపోయింది, డబ్బా బాకీ అలాగే ఉంది. పూచీ కబురు ఇంటికి పోయిందని చెప్పారు. అది వాళ్ళ పద్ధతట, ముందే పంపేస్తారు.

తసీవ్‌లో ఇళ్ళు తిరుగుతాయి. అందరికీ సమానంగా ఎండ తగలాలని వీధులన్నీ మెల్లగా చుట్టు తిరుగుతుంటాయి. వంట కూడా ఎండతోనే, గిన్నెడంత అద్దాలు పెట్టి. సాయంత్రం ఉప్పు కోసం వెళ్ళి వచ్చేసరికి నా ఇల్లు లేదు. దాని చోట ఒక మంగలి కొట్టు ఉంది. లోపల గడ్డం గీయించుకుంటున్నాయన సబ్బు ముఖంతోనే బయటికి చూసి, "ఇల్లు పోయిందాండి? ఇలా కూర్చోండి. వచ్చేస్తది" అన్నాడు.

కూర్చున్నాను. నా ఇల్లు నా దగ్గరికి నడిచి వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి ఇంటికి పరుగెత్తుకుంటూ వెళ్ళేదాన్ని నేనే. ఇది ఎదురుగా వచ్చి గుమ్మం నా కాళ్ళ దగ్గర ఆపితే, ఉప్పు పొట్లం ఒళ్ళో పెట్టుకుని చప్పట్లు కొట్టాను.

సబ్బు ముఖం ఆయన పేరు బెనూ. పక్క గది ఆయనదే. తెప్ప తేలడానికి కింద కట్టే గుండ్రటి ఇనప బోయాలు గీకి శుభ్రం చేస్తాడు.

మా ఆయన ఫోను.

"రత్నం, గట్టు సంఘంవాళ్ళు కబురెట్టేరు. నువ్వు డబ్బా పట్టుకుపోయావంట కదా. నేనొచ్చేస్తన్నాను. ఇరవై మూడుకి అక్కడుంటాను."

"రావద్దండి."

"సంతకమేగా. ఒక నిమిషం పని."

"ఆ సంతకం పడ్డాక నేను మీతో వచ్చినట్టవుతుంది."

"నాతో వస్తే తప్పేంటంట?"

"తప్పని కాదండీ. అన్నవరం మీతోనే వచ్చాను, సింహాచలం మీతోనే వచ్చాను, మీ బాబాయి గారింటికి ఏటా మీతోనే వస్తున్నాను. తొమ్మిదేళ్ళు పేరు వేసింది మీకు తెలుసు కదా. ఈ ఒక్కటీ నేను వచ్చినట్టు ఉండనివ్వండి."

వెనక కుక్కరు కూత పెట్టింది.

"టిక్కెట్టిచ్చేశారే" అన్నారు మెల్లగా. "సర్లే. నేనొచ్చేలోపు నువ్వే తీర్చేసుకో. నేను కలం జేబులోంచి తియ్యను."

"పడవెక్కేముందు కుక్కరు కట్టేయండి" అన్నాను.


ఫిబ్రవరి 21. తసీవ్.

నేటి పనులు: వంట ఒకటి. ప్రయోగాలు నాలుగు. పనికొచ్చినవి, లేవు.

నొమొలితో ఒరిపిడి ఇరవై మూడున. అదే మూడో గేటు. మొన్న ఆ గేటు అధికారిణి లిదోను కలిసి వచ్చాను. మనిషి పొట్టి, కళ్ళద్దాలు పెద్దవి. నేను మొత్తం చెప్పాక ఆవిడ తక్కెడ వంక చూసి ఒక మాట అంది: "పది గ్రాముల్లోపు మేం రాయమండి. దుమ్ము కింద వదిలేస్తాం."

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. ఇల్లు ఎదురొచ్చింది. డబ్బా నిండాలి, తినేదై ఉండాలి, యూమె గారి పేరు మీద అప్పు పడకుండా దుమ్మంత తూగాలి.

మరమరాలు పోశాను. అరవై గ్రాములు. గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి నురుగు నింపాను. నిండుగా ఉంది, తేలిగ్గా ఉంది, చూస్తుండగానే అడుగుకు దిగిపోయి నీళ్ళయింది. బెనూ పీచుమిఠాయి తెచ్చాడు. సముద్రపు గాలికి అది డబ్బాలో పెట్టేలోపే జిగురు ముద్దయింది, ఆ ముద్ద ఆయనే తినేశాడు. నాచు వడియాలు బరువు.

"ఈకలెట్టండి" అన్నాడు బెనూ.

"తినేదై ఉండాలండీ."

"ఆకలేస్తే ఏదైనా తింటారండి."

తర్వాత ఆయన తన పనిలో పడ్డాడు. వీధిలో బోయా బోర్లించి, ఎండకు ఎండిన నాచు పొరను గోటితో ఒక అంచు లేపి లాగాడు. పొర మొత్తం ఒకే రేకుగా ఊడి, గాలికి లేచి, మంగలి కొట్టు మీదుగా ఎగిరిపోయింది.

నేను లేచి నిలబడ్డాను.

"బెనూ గారూ, మీ దగ్గర ఇంకో బోయా ఉందాండీ? శుభ్రమైనది?"


ఫిబ్రవరి 22. తసీవ్.

నేటి పనులు: బియ్యం నానబెట్టి రుబ్బడం. బోయా తోమడం, ఐదుసార్లు. పూతరేకులు తీయడం, చినిగినవి లెక్కపెట్టలేదు.

మా పెద్దత్తగారిది ఆత్రేయపురం. ఆవిడ కుండ బోర్లించి కింద మంట పెట్టి, పల్చటి పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితం కన్నా పల్చటి రేకు వచ్చేది. నేను పక్కన కూర్చుని పంచదార చల్లి తినేదాన్ని. తీయడం ఎప్పుడూ నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకోలేదంటే తినడానికే సమయం సరిపోయేది.

ఇక్కడ కుండ లేదు, బోయా ఉంది. మంట లేదు, అద్దాలున్నాయి. బెనూ తన అద్దం, నా అద్దం, మంగలి అద్దం తెచ్చి ఎండను బోయా మీదికి తిప్పాడు. రుమాలు పిండిలో ముంచి లాగాను. అంటుకుపోయింది. గీకాను. మళ్ళీ లాగాను. చినిగింది. పిండి పల్చన చేస్తే కన్నాలు, చిక్కన చేస్తే దోసె.

"ఇది దోసేనండి. బాగుంది" అని తినేశాడు బెనూ.

ఇల్లు తిరుగుతుండటంతో ఎండ పక్కకు పోతోంది. దాని వెంట మేము అద్దాలు పట్టుకుని వీధి పొడుగునా జరుగుతున్నాం. నేను, బెనూ, సగం గడ్డంతో ఉన్న మనిషిని వదిలేసి వచ్చిన మంగలి, ఆ సగం గడ్డం మనిషి. చుట్టుపక్కల వాళ్ళు తిండి తెచ్చుకుని మరీ కూర్చుని చూశారు.

"లాగేటప్పుడు ఊపిరి బిగబడతన్నారండి మీరు. చెయ్యి ఆగిపోతంది" అన్నాడు సగం గడ్డం.

ఈసారి ఊపిరి వదులుతూ లాగాను. బోయా మీద తెల్లటి పొర నిలిచింది. అంచు పట్టి లేపితే మొత్తం లేచి వచ్చింది, ఎండకు అడ్డం పెడితే అవతల బెనూ మీసం కనపడింది.

వీధి మొత్తం "ఆయ్" అంది. ఆ గోదారి "ఆయ్" చెవిపూస కల్పించిందో, నిజంగా అన్నారో తెలియదు.

సాయంత్రానికి మంచివి ఆరు వచ్చాయి. మడవకుండా, ఒత్తకుండా, ఒకదాని మీద ఒకటి పొంగుగా పేరిస్తే డబ్బా నిండింది. లిదో ఆఫీసు కట్టేసే ముందు వెళ్ళి తూయించాను. రేకులు ఎనిమిది గ్రాములు. పంచదార, నెయ్యి వేస్తే దుమ్ము లెక్క దాటుతుంది. అందుకని వేయలేదు. ఒక చీటీ కూడా బరువే, అదీ పెట్టలేదు.

నా పూసలో మా ఆయన గొంతు: "పడవ లోపల అంతా ఊగుతుందే. నువ్వెలా పడుకుంటున్నావ్?"

"పడిపోతూ పడుకుంటున్నానండి."


ఫిబ్రవరి 23. తసీవ్ అంచు, మూడో గేటు.

నేటి పనులు: ఒకటే.

పడవ ఒరిపిడి కన్నా ముందే వచ్చింది. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో కలంతో, చెవిలో కొత్త పూసతో, సముద్రం పడక పాలిపోయిన ముఖంతో గేటు పక్కన నిలబడ్డారు. నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు. ఎండకు నల్లబడ్డాను, నడక కూడా మారిందట.

"ఏంటే ఎగురుతూ నడుస్తన్నావ్?" అన్నారు.

"ఇక్కడ అంతేనండి."

లిదో నా సంచి తూచింది. సరిపోయింది. డబ్బా తక్కెడలో పెట్టింది. ముల్లు ఆరువందల నలభై దాటి, గీతకూ గీతకూ మధ్య ఆగింది. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది. ఇప్పుడు గాని నిన్నటి మంచుకు రేకులు తడి పీల్చి ఉంటే పది దాటుతుంది. అప్పుడు నేను ఆ ఇస్త్రీ చొక్కా వెనక నడుచుకుంటూ పడవెక్కాలి. మా ఆయన చెయ్యి జేబు దగ్గరే ఉంది, జేబులోకి మాత్రం పోలేదు. మాట ఇచ్చారు కదా.

బెనూ వెనక నుంచి "తొమ్మిదండి, తొమ్మిది" అంటున్నాడు. లిదో ఆయన్ని గద్దించింది.

"తొమ్మిదే" అంది తర్వాత. "తొమ్మిదైతే దుమ్మే. బాకీ లేదు." మా ఆయన వైపు తిరిగి, "మీ సంతకం అక్కర్లేదండి. ఇంత దూరం వచ్చారు, పాపం" అంది.

ఆయన ముఖంలో కొంచెం నిరాశ, కొంచెం గర్వం రెండూ కనిపించాయి. ఏది ఎక్కువో తూచే తక్కెడ లేదు.

"అయితే నేనేం చెయ్యను ఇప్పుడు?" అన్నారు.

"మీ పడవ తిరుగు దారిలో సిబారాలో ఆగుతుంది కదండీ. ఈ డబ్బా యూమె గారి చేతికి ఇవ్వండి. గేటు సీలు వేస్తారు. ఒత్తకండి, ఊపకండి. పంచదార అక్కడే చల్లుకోమని చెప్పండి. మరీ ముఖ్యంగా, ఖాళీగా ఉందా నిండుగా ఉందా అని ఆవిడనే అడగండి."

"నేనా? కొత్త దేశంలో, ఒక్కణ్ణేనా?"

"ఒక్కరే."

ఆయన డబ్బా రెండు చేతులతో పట్టుకున్నారు, మా పెద్దబ్బాయి పుట్టినప్పుడు ఆస్పత్రిలో మొదటిసారి ఎత్తుకున్నట్టు. అంచులు ఒరుసుకున్నాయి. పలక పడింది. ముప్ఫై ఏళ్ళుగా గుమ్మంలో నిలబడి ఆయన్ని పంపు డ్యూటీకి సాగనంపింది నేను. ఇవాళ ఆయన నిలబడ్డారు. పలక మధ్యలో వెనక్కు తిరిగి చూశాను. ఆయనకు చెయ్యి ఊపాలనుంది గాని రెండు చేతుల్లోనూ డబ్బా ఉంది, అందుకని తల ఊపారు.

నొమొలి నేల మీద దిగాను. ఎవరూ చూడకుండా ఎగరడం అయిపోయింది. అందరూ చూస్తుండగా ఒకసారి ఎగిరాను.


ఫిబ్రవరి 27. నొమొలి.

నేటి పనులు: బట్టలు, ఒక జత. వంట లేదు, ఎదురింటివాళ్ళు పిలిచారు. సముద్రం చూడటం, పొద్దుటి నుంచి.

మధ్యాహ్నం మా ఆయన సిబారా నుంచి ఫోను చేశారు. గొంతులో ఇంత హుషారు నేను చాలా కాలంగా వినలేదు.

"రత్నం, ఇచ్చేశాను. ఆవిడ ముందు డబ్బా అడుగు చూసింది. చూసి అలా కూర్చుండిపోయింది. అది వాళ్ళమ్మదంట. ఆరోజు తొందర్లో చేతికందిన డబ్బా ఇచ్చేసిందంట, తర్వాత చూసుకుందంట. ఇచ్చిందాన్ని ఎలా వెనక్కడుగుతాను అని ఎవరికీ చెప్పలేదంట."

"సానవ్" అన్నాను.

"తర్వాత మూత తీసింది. తీసీ తియ్యగానే గాలొచ్చి రెండు రేకులు లేచిపోయాయే. వరస వరసంతా వాటెనకాల పరిగెత్తేరు. నేను కూడా. ఒకటి దొరికింది, ఒకటి ఎవరిదో ఉతికిన లుంగీకి అంటుకుంది. మిగతావాటికి పంచదార చల్లుకుని ఆవిడ నోట్లో పెట్టుకుంటే, నమిలేలోపే కరిగిపోయిందని మళ్ళీ మళ్ళీ నోరు తెరిచి చూపిస్తంది."

"అడిగారా?"

"అడిగాను. ఖాళీయా నిండా అన్నాను. 'మూత తీస్తే పొంగి ఊరి మీదికి పోయింది, ఇంకా నిండా అని అడుగుతావేంటి బాబూ' అంది."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నారు. సిబారాలో నేల ఎలా ఊగుతుందో, ఎవరూ చూడని చోట తాను ఏం చేశారో. నేను వింటూనే పుస్తకం తెరిచి రాశాను.

సిబారా, యూమె గారి స్టీలు డబ్బా ఒకటి, సానవ్ అని పేరున్నది. ఈరోజు నిండుగా ముట్టింది. బాకీ చెల్లు.